ఊగని జెండా

"చెప్పరా! ఎర్రజెండా వెయ్యమని నీకెవరు చెప్పారు?"

పాండురంగారావు కొడుకు చెవి వదల్లేదు. రేపల్లె బండికి వేళవుతోంది. క్యారియరు గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. రోజూ ఈపాటికి స్టేషను దారిలో సగం నడిచి ఉండే మనిషి, ఆఫీసు సంగతే మరిచిపోయి నట్టింట్లో నిలబడ్డాడంటే ఆ కోపం ఏపాటిదో వేరే చెప్పక్కర్లేదు.

అంజి ఏడవడం లేదు. ఆయనకి మరీ ఒళ్ళు మండుతున్నది అందుకే.

"నేను ఎర్రజెండా వెయ్యలేదు నాన్నా."

"కళ్ళెదురుగా పెట్టుకుని అబద్ధమా! మామయ్య ఇంజను ఎక్కించుకోనన్నాడని కక్షగట్టి వేశావు. అవునా?"

"వదిలెయ్యండి, చెవి ఊడొచ్చేలా ఉంది," అంది తులసి.

"నువ్వు మాట్లాడకు. బొమ్మలు నేర్పుతానని రోజూ వాణ్ణి పెరటి అరుగు మీద కూర్చోబెట్టుకుంటావు. నువ్వు నేర్పింది ఇదా?"

తులసి పెళ్ళికి ముందు డ్రాయింగు పరీక్ష పాసైన మనిషి. ఆ కుంచెలు అత్తారింటికి తెచ్చుకున్నందుకు పడ్డ మాటలు పడి, ఇన్నాళ్ళకి కొడుకు చేతిలో వాటిని పెట్టి సంబరపడుతోంది. వాడికి తాతగారి పేరు సీతారామాంజనేయులని పెట్టుకున్నారు గానీ అంత పేరు పిలిచే ఓపిక ఇంట్లో ఎవరికీ లేక అంజి అయిపోయాడు. ఎనిమిదేళ్ళవాడు. పెన్సిలు పట్టుకుంటే ఒక్క గీత వృథాగా పోనివ్వడు.

బొమ్మ నేల మీద పడి ఉంది. నల్లటి ఇంజను, దాని కిటికీలోంచి తల బయటపెట్టిన మేనమామ, వెనక పెట్టెలోంచి వంగి జెండా పట్టుకున్న గార్డు. గీతలు వేసేటప్పుడు తులసి పక్కనే ఉంది. రంగులు మాత్రం నేనొక్కణ్ణే వేస్తానని వాడు పేచీ పెట్టాడు. తీరా ఈ పొద్దున బొమ్మ మీద కప్పిన తువ్వాలు తీసి చూపించేసరికి గార్డు చేతిలో జెండా కుంకుమంత ఎర్రగా ఉంది. పట్టాల పక్కన గడ్డికి కూడా అదే రంగు.

గోడవార కూలబడిన శేషారత్నం చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమె తులసి తల్లి. కొడుకు పున్నారావుతో ఈ ఇంటి పెరటివైపు వాటాలోనే ఉంటుంది.

"పసివాణ్ణని ఏం లాభం బాబూ! నా రాత అలా ఉంది," అంది అల్లుడితో. "విస్తళ్ళు కుట్టి పెంచుకున్నాను. ఇంజనులో బొగ్గు వేసీ వేసీ వాడి అరచేతులు కాయలు కాచిపోయాయి. ఇన్నేళ్ళకి డ్రైవరని చేతికి కాగితం వచ్చింది. ఇంకా బండి ఎక్కనైనా ఎక్కలేదు, ఇంట్లోనే ఎర్రజెండా చూపించారు!"

"అమ్మా, నోటితో అలాంటివి అనకు," అంది తులసి.

"నేనంటే వచ్చిందా? అది రావాల్సి ఉంది కాబట్టి వీడి చేత వేయించింది."

పెరటి తలుపు చప్పుడైంది. శేషారత్నం గభాలున వంగి బొమ్మని చెంగు కింద దాచబోయింది. పున్నారావు అప్పటికే లోపలికి వచ్చేశాడు.

"ఏంటమ్మా దాస్తున్నావు? నా బొమ్మేనా? నిన్నటినుంచి ఊరిస్తున్నాడు వీడు."

తల్లి చేతిలోంచి లాక్కుని వెలుతురులోకి పట్టుకున్నాడు. పున్నారావు మొహం విప్పారింది.

"ఓరి నీ దుంపతెగ! అచ్చం నేనేరా! టోపీ కూడా వంకరగా పెట్టావు. గార్డు చూడక్కా, పచ్చజెండా పట్టుకుని ఎలా వేలాడుతున్నాడో!"

అంజి మొహం వెలిగిపోయింది. "చూశావా నాన్నా! పచ్చజెండాయే!"

పాండురంగారావు చెవి వదిలేశాడు. శేషారత్నం ఒక్క క్షణం కొడుకు వంక చూసి, కళ్ళొత్తుకుంటూ నవ్వింది.

"చూశారా బాబూ నా కొడుకు మనసు! అంత ఎర్రగా కనిపిస్తున్నదాన్ని పచ్చజెండా అన్నాడు. పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడని!"

పున్నారావు నవ్వాడు. అయితే ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. తల్లి మాట విని, బొమ్మ వంక ఇంకోసారి చూసి, అప్పుడు నవ్వాడు. ఆ కాస్త సేపట్లో అతని మొహంలో రక్తం లేదు. అది తులసి తప్ప ఎవరూ చూడలేదు.

"మరి అంతేగా అమ్మా," అన్నాడు. "పిల్లాడు పచ్చ అంటే పచ్చే."

"నీ మంచితనం వాడికి అలుసైపోతోంది," అని విసుక్కుంటూ పాండురంగారావు క్యారియరు అందుకుని వెళ్ళిపోయాడు.

పొయ్యి మీద పాలు పొంగి కారుతున్నా తులసి కదల్లేదు.

* * *

మధ్యాహ్నం అంజిని పెరటి అరుగు మీద కూర్చోబెట్టింది. పాత రంగుల పెట్టె తెచ్చి మూత తీసింది. అరిగిపోయిన బిళ్ళలు, మూలల్లో గట్టిపడిన రంగు.

"ఎరుపు తియ్యి."

తీశాడు.

"పచ్చ?"

తీశాడు. తప్పుపోలేదు. తులసి ప్రాణం కాస్త కుదుటపడింది. ఇన్నాళ్ళూ ఈ పెట్టెతోనేగా వాడు చిలకలకీ అరటాకులకీ సరిగ్గా రంగులు వేసింది!

"పొద్దున బొమ్మ ఈ పెట్టెతోనే వేశావా?"

"కాదు. మామయ్య బాపట్ల నుంచి తెచ్చిన కొత్తదాంతో."

"దాంట్లో పచ్చ ఏదో తెలియలేదా?"

అంజి తల వంచుకున్నాడు. గోటితో అరుగు గీకాడు.

"చెప్పు నాన్నా. నేను కొట్టను."

"దీంట్లో పచ్చబిళ్ళకి పగులుంది. ఎరుపు మూల కాడ ఉంటుంది, సగం అరిగిపోయింది. కొత్తదాంట్లో అన్నీ నున్నగా ఉన్నాయమ్మా. ఏది ఏదో తెలీలేదు."

"పగులు లేకపోతే తెలియదా? ఆకు పచ్చగా, కుంకుమ ఎర్రగా... నువ్వే చెప్తావుగా రోజూ."

"అందరూ అలాగే అంటారుగా. నేనూ అంటాను."

తులసి లేచి జామచెట్టు ఆకు ఒకటి కోసుకొచ్చింది. పక్కన కుంకుమ భరిణె పెట్టింది. ఈ రెండూ ఒకే రంగా, వేరేవా అని అడిగింది. వాడు వాటి వంక చూడలేదు, తల్లి మొహం వంక చూశాడు. ఏ జవాబు చెబితే ఆమె ఏడవదో వెతుకుతున్నాడు.

తులసికి భయం వేసింది. కొడుకు గురించి వేసిన భయం ఒక ఎత్తు, దాని వెనకే వచ్చిన భయం ఇంకో ఎత్తు. చిన్నతనంలో నందివెలుగులో ఉన్నప్పుడు పచ్చడికి పండుమిరపకాయలు ఏరమంటే పున్నారావు ఒక్కొక్క కాయా వేళ్ళతో నొక్కి చూసేవాడు. మెత్తగా ఉన్నవి ఒకవైపు, గట్టివి ఒకవైపు. పని తప్పించుకోడానికి సాగదీస్తున్నాడని అమ్మ వీపు మీద ఒకటి వేసేది.

అది చూసి తను నవ్వేది అప్పట్లో.

వీధిలో సైకిలు గంట మోగింది. ఇంజన్ల షెడ్డు నుంచి మనిషి వచ్చాడు. రేపల్లె బండి డ్రైవరుకి జ్వరమట. సాయంత్రం బండి పున్నారావు తీసుకెళ్ళాలట.

"శుభం!" అంది శేషారత్నం లోపలినుంచి. "వచ్చేవారం దాకా ఎదురుచూడక్కర్లేకుండా దేవుడే పిలిచాడు."

* * *

పున్నారావు తన గదిలో మంచం మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. తులసి లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పున్నా, పొద్దున ఆ జెండా ఏ రంగు?"

"చెప్పానుగా అక్కా. పిల్లాడి మనసు నొప్పించడం ఎందుకని..."

"అది కాదు నేనడిగింది."

అతను బూటు తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిందే తుడిచాడు. చాలాసేపటికి గుడ్డ పక్కన పెట్టాడు.

"గార్డు పచ్చజెండా అయితే ఊపుతాడక్కా. ఎర్రజెండా అయితే కదపకుండా పట్టుకుంటాడు. చాలావరకు దాన్నిబట్టి పోల్చుకుంటాను. బొమ్మలో జెండా ఊగదుగా."

తులసి నిజమని తెలిసే అడిగింది. అయినా కాదంటాడేమోనని ఎక్కడో ఆశ ఉండింది. అది కాస్తా పోయింది.

"ఇన్నేళ్ళూ మరి?"

"పగలు ఇబ్బంది లేదు. సిగ్నలు స్తంభం మీది చెయ్యి కిందికి వాలిందా లేదా చూస్తే చాలు. రాత్రిళ్ళు సిగ్నలు దీపం రంగు చూసి డ్రైవరు, బొగ్గు వేసే నేను, ఇద్దరం పైకి అనాలి. మా డ్రైవరు జగన్నాథరావు గారు పెద్దాయన, ఆయన చూపు గద్దచూపు. ఆయన పచ్చ అంటే నేనూ పచ్చ అనేవాణ్ణి. ఆయన ఎరుపు అంటే నేనూ ఎరుపు. ఒక్కసారి కూడా ముందు నేను అనలేదు."

"కళ్ళ పరీక్ష చేశారుగా?"

"రంగు చుక్కల్లో దాగిన అంకెలు చూపిస్తారు. నాకన్నా ముందు వెళ్ళొచ్చినవాడు ఏ పేజీలో ఏ అంకె ఉందో చెప్పాడు. బట్టీపట్టాను." గొంతు తగ్గించాడు. "అమ్మకి చెప్పకు."

"ఈ రాత్రి ముందు ఎవరు అనాలి?"

పున్నారావు మళ్ళీ బూటు అందుకున్నాడు.

"నిన్నే. ఎవరు అనాలి?"

"నేనే. బొగ్గు వేసే నా ఫైర్‌మ్యాన్ కొత్తవాడు. నేనంటే హడలు వాడికి. నేను ఏదంటే అదే అంటాడు." ఆగాడు. "నేను జగన్నాథరావు గారితో అన్నట్టే."

బయట అంజి కాకుల్ని తోలుతున్నాడు.

"వెళ్ళనని చెప్పరా. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"ఇవాళ బాగాలేదంటాను. రేపు? ఎల్లుండి? బతుకంతా జ్వరమేనా?"

"అసలు సంగతి చెప్పు. కళ్ళతో పనిలేని పని ఏదో ఒకటి చూపిస్తారు."

"మోసం చేసి చేరాడని మెడపట్టి గెంటుతారు. చెరుకుపల్లి వాళ్ళు ఈ ప్రమోషన్ చూసే పిల్లనిస్తామన్నారు. అమ్మ ఊరందరికీ చెప్పుకుంది. మిషను కుట్టేవాడి దగ్గర్నుంచి పాలమనిషి దాకా చెప్పుకుంది. ఇప్పుడు వెళ్ళి, అమ్మా, నీ కొడుకు దొంగ అని చెప్పనా?"

"మీ బావ రేపల్లె నుంచి నీ తిరుగు బండిలోనే వస్తారు పున్నా. రోజూ ఆ బండిలోనే."

"నాకు తెలియదా!" అరిచాడు. అరిచినందుకు తనే బెదిరి తలుపు వంక చూశాడు. "మంచుకాలం. పొద్దు వాలితే చీకటి. పచ్చదీపం కాస్త తెల్లగా, ఎర్రదీపం కాస్త మసగ్గా కనిపిస్తాయి నాకు. ఆకాశం తేటగా ఉంటే పోల్చుకుంటాను. మంచు పడిందంటే రెండూ మసకే. పొద్దున బొమ్మ చూసిన దగ్గర్నుంచీ నాకూ భయంగానే ఉందక్కా."

చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బొగ్గు నలుపు ఎన్నిసార్లు కడిగినా పోని చెయ్యి.

"నువ్వు వాడికి నేర్పుతున్నావుగా. నాకూ నేర్పు."

"ఏంటి?"

"రంగులు. ఇంకా టైముందిగా. నువ్వు గట్టిగా చెబితే నాకు పట్టుబడుతుంది. చిన్నప్పుడు ఎక్కాలు నువ్వు చెబితేనేగా వచ్చాయి!"

అతను తమాషాకి అనడం లేదు. ఇంజను నడిపే మగవాడు, ఎనిమిదేళ్ళ పిల్లాడి కళ్ళతో అక్క వంక చూస్తున్నాడు. కాదనడానికి తులసికి నోరు రాలేదు. వెళ్ళి కొత్త పెట్టె తెచ్చింది.

"ఇది ఎరుపు. ఇది పచ్చ. బాగా చూడు."

పున్నారావు మంచం దిగి నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. రెండు బిళ్ళల వంక రెప్ప వెయ్యకుండా చూశాడు. పెదవులు కదుపుతూ మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఎరుపేది?"

"ఇది."

"పచ్చ?"

"ఇది." మొహమంతా నవ్వు పాకింది. "చూశావా! వస్తుందన్నానా!"

"కళ్ళు మూసుకో."

అతను కళ్ళు మూసుకున్నాడు. తులసి రెండు బిళ్ళల్నీ పెట్టెలోంచి ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇప్పుడు తెరువు. పచ్చ ఏది?"

పున్నారావు వంగి చూశాడు. దగ్గరికి తీసుకుని చూశాడు. దూరంగా పట్టుకుని చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఒక బిళ్ళ మీద వేలు పెట్టాడు.

"ఇది పచ్చ."

అది ఎరుపు.

ఎప్పుడొచ్చాడో అంజి తలుపు సందులోంచి చూస్తున్నాడు. ఉండబట్టలేక లోపలికి దూకాడు.

"మామయ్యా, నేనూ అదే అనుకున్నా!" అన్నాడు సంతోషంగా. ఇంత పెద్ద ప్రపంచంలో తనకి తోడు దొరికినందుకు వాడు పున్నారావు భుజం మీద వాలిపోయాడు.

పున్నారావు వాడి తల నిమిరాడు. నిమురుతూ అక్క మొహం చూశాడు. చూడగానే సంగతి తెలిసిపోయింది.

"వాడికి కూడానా?"

తులసి తలూపింది. "నేర్పితే వచ్చేది కాదురా ఇది. వచ్చేదే అయితే ప్రాణం పెట్టి నేర్పుదును."

అతను నెమ్మదిగా లేచాడు. బూట్లు తొడుక్కున్నాడు. లేసులు ముడి పడక రెండుసార్లు ఊడిపోయాయి.

* * *

పొద్దు వాలుతుండగానే బజారు వైపు నుంచి పొగ, మంచు కలిసి వీధిలోకి దిగాయి. శేషారత్నం ముందుగదిలో దేవుడి పటానికి కర్పూరం వెలిగించింది. కొడుక్కి బొట్టు పెట్టి, తను లోపలికి జరిగింది.

"తులసీ, చెంబుతో నీళ్ళు తీసుకుని వీధిలోంచి ఎదురు రామ్మా. నేను రాకూడదు. నువ్వు ముత్తైదువవి, తోడబుట్టినదానివి. నీ ఎదురు వాడికి మంచిది."

తులసి చెంబు నింపుకుంది. వీధిలోకి వెళ్ళి వెనక్కి తిరిగింది. పక్కింటి ప్రమీల, ఎదురింటి రాఘవమ్మ గారు గుమ్మాల్లోకి వచ్చి నవ్వుతూ చూస్తున్నారు. పున్నారావు చేతిలో దీపం పెట్టె, భుజాన సంచీతో మెట్లు దిగాడు. నడక మామూలుగానే ఉంది. అక్క వంక మాత్రం చూడడం లేదు.

తులసి ఎదురు వచ్చింది. అతనికి రెండడుగుల దూరంలో ఆగింది. అక్కడ పక్కకి తప్పుకుని దారి ఇవ్వాలి. ఇవ్వలేదు.

పున్నారావు ఎడమవైపు జరిగాడు. ఆమె కూడా జరిగింది.

"తప్పుకో అక్కా."

"ఇద్దరం షెడ్డుకి వెళ్దాం. నువ్వే చెప్పు. నేను నీ పక్కన నిలబడతాను. ఎవరేమన్నా నన్ననమను."

"అందరూ చూస్తున్నారు. తప్పుకో."

"చూడనీ."

లోపలినుంచి శేషారత్నం గొంతు వినిపించింది. "ఏంటే ఆలస్యం? వర్జ్యం వచ్చేస్తుంది!"

తులసి తమ్ముడి కళ్ళలోకి చూసింది. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకొక్క మాట పడితే చెప్పేస్తాడనిపించింది. దేవుడా, వీడి నోటితోనే చెప్పించు అనుకుంది.

"అమ్మా," అని పిలిచింది. "ఇలా బయటికి రా. పున్నారావు నీకో మాట చెప్పాలంటున్నాడు."

శేషారత్నం రాకూడదన్న సంగతే మరిచిపోయింది. గడప దాటి గబగబా మెట్లు దిగి వచ్చి కొడుకు ముందు నిలబడింది. మసక వెలుతురులో ఆమె మొహం పొంగిపోతోంది.

"ఏంటి నాయనా?"

పున్నారావు నోరు తెరిచాడు. తల్లి మొహం చూశాడు. తులసి చేతిలో చెంబులోని నీళ్ళు తొణికి పాదాల మీద పడ్డాయి.

"ఏం లేదమ్మా," అన్నాడు. "వెళ్ళొస్తా."

వంగి తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టుకుని, అక్కని భుజంతో పక్కకి నెట్టుకుని వెళ్ళిపోయాడు. వీధి మలుపు దగ్గర మంచులో అతని టోపీ కాసేపు కనిపించి మాయమైంది.

"మొదటిసారి కదా, బెంగ," అని నవ్వింది శేషారత్నం రాఘవమ్మ గారి వంక చూసి.

తులసి చెంబు అరుగు మీద పెట్టింది. అంజి చెయ్యి పట్టుకుంది. చెప్పులైనా వేసుకోకుండా స్టేషను వైపు అడుగులు వేసింది.

"ఇంత మంచులో పిల్లాణ్ణేసుకుని ఎక్కడికే?" అంది తల్లి.

తులసి వెనక్కి తిరగలేదు. తిరిగితే తమ్ముడిలాగే తనూ ఏం లేదనేస్తుందని ఆమెకి తెలుసు.

"షెడ్డుకి," అంది.